సోనుంబు కంచెలో మొలకలు

మా మామగారు పోయాక ఆయన కౌలుకు చేసిన అక్రోటు అడవిని అన్నదమ్ములిద్దరికీ పంచారు. పెద్దవాడు కాబట్టి నా భర్త జోల్చుకు పై వాలు వచ్చింది. అందులో ఇద్దరు చేతులు కలిపినా అందనంత లావు చెట్లు నలభై ఉన్నాయి. మరిది మామిర్‌కు వాగు పక్కన పల్చటి ముక్క దక్కింది. ఉన్నవి పదహారు చెట్లు, వాటిలో రెండు అప్పటికే ఎండుముఖం పట్టాయి. ఆ రోజు నా తోడికోడలు సోనుంబు మొహం చూసి నాకు జాలేసింది. జాలి అనే అనుకున్నాను. నిజానికి అది సంతోషం.

ఆ వసంతంలోనే ఆమె కంచె కట్టడం మొదలుపెట్టింది. అడవి గులాబీ కంపలూ ముళ్ళ కొమ్మలూ నరికి ఈడ్చుకొచ్చి చుట్టూ పేర్చింది. దారి వైపు అల్లిన తడిక పెట్టింది. చేతులు మోచేతుల దాకా గీరుకుపోయాయి.

"ఏం సోనుంబూ, గడ్డికి కాపలానా?" అని అడిగాను.

"గడ్డికి కాదక్కా, వీటికి," అని గడ్డి పక్కకు తీసి చూపించింది. జానెడు ఎత్తు కూడా లేని అక్రోటు మొలకలు. ఎలుకలూ పక్షులూ దాచుకుని మరిచిపోయిన కాయల నుంచి లేచినవి. ప్రతిదాని పక్కనా పుల్ల గుచ్చి ఎర్రగుడ్డ పీలిక కట్టింది.

"అవి కాయలు కాసేసరికి నీకు మనవలు పుడతారు."

"పుడితే తింటారులే అక్కా."

మేమంతా ఆవుల్నీ మేకల్నీ అడవిలోకే తోలేవాళ్ళం. ఆమె మాత్రం గడ్డిని కొడవలితో కోసేది, ఆ పీలికల చుట్టూ తిరిగి తిరిగి. మా జోల్చు ఒక్క పూటలో కోసే గడ్డి ఆమెకు నాలుగు రోజులు పట్టేది. ఎండుముఖం పట్టిన రెండు చెట్లనూ ఫారెస్టు గార్డు ఒరోజాలి అనుమతితో కొట్టించింది. మొలకలకు వెలుగు కావాలట. ఉన్న పదహారులో రెండు కొట్టించుకున్న మనిషిని చూసి ఊళ్ళో ఆడవాళ్ళం వారం పాటు నవ్వుకున్నాం. అందరికంటే నేనే ఎక్కువ నవ్వాను.

ఏడేళ్ళు గడిచాయి. కొట్టేసిన చెట్ల జాగాలో మొక్కలు నా నడుము దాటాయి. వాటి మధ్య అడవి ఆపిల్, రేగు కూడా లేచాయి. ఆమె నేల మీద అడుగేస్తే రాలిన ఆకులు మెత్తగా దిగేవి, కింద చెమ్మ తగిలేది. మా వాలులో నేల కళ్ళంలా గట్టిపడింది. వాన పడితే నీళ్ళు ఇంకకుండా ఎర్రగా కిందికి జారిపోయేవి. కాయలు ఇప్పటికీ మాకే ఎక్కువ. శరదృతువులో గుడారాలు వేసుకుని కాయలు దులిపేటప్పుడు మా బస్తాలు ఆమెవాటికి రెండింతలు ఉండేవి. అయినా ఎవరూ మా బస్తాల వైపు చూసేవాళ్ళు కాదు.

మా అత్త పొద్దున్నే టీ తాగి కర్ర పట్టుకుని ఆ కంచెలోకే వెళ్ళి కూర్చునేది. "మన చెట్ల కింద నీడ లేదా అత్తా?" అని అడిగాను.

"నీడకేం, ఉంది. అక్కడ కూచుంటే ముసలివాళ్ళ మధ్య ముసలిదాన్ని కూచున్నట్టుంటుంది," అంది.

ఆ ఆగస్టులో ఒరోజాలి పక్క లోయ నుంచి పదిమందిని వెంటబెట్టుకొచ్చాడు. సోనుంబు కంచెంతా తిప్పి చూపించాడు. తర్వాత మా వాలు వైపు చెయ్యి చాచాడు. "అక్కడ చూడండి. చెట్లు బలంగానే ఉన్నాయి, కానీ వాటి తర్వాత రావడానికి ఒక్క పిల్ల చెట్టు లేదు. అదొక గొడ్డు అడవి." నేను చెట్టు వెనకే ఉన్నానని అతనికి తెలియదు. నాకు పిల్లలు లేరన్న సంగతి అతనికి బాగా తెలుసు. నన్ను ఉద్దేశించి అనలేదని నాకు తెలుసు. తెలిసినా ఏం లాభం.

నాలుగు రోజుల తర్వాత మామిర్, సోనుంబు సంతకు వెళ్ళారు. మధ్యాహ్నం నేను వెళ్ళి తడిక ముడి విప్పాను. నా మూడు ఆవులనూ ఆరు మేకలనూ లోపలికి తోలి, పైకొచ్చి ఆరేసిన గడ్డి తిరగేస్తూ కూర్చున్నాను. పొద్దు వాలే ముందు వెళ్ళి వాటిని బయటికి తోలాను. తడిక మాత్రం తెరిచే ఉంచాను. మేకలు ఆపిల్ మొక్కల్ని బెరడుతో సహా తినేశాయి. అక్రోటు చివుళ్ళు కొరికాయి, మిగతావి ఆవుల గిట్టల కింద విరిగాయి.

సోనుంబు ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. విరిగిన మొక్కల మధ్య కూర్చుని, "ముడి సరిగా వెయ్యలేదు నేను," అంది. మామిర్ ఆమెను తిట్టాడు. మూడు రోజులు మాట్లాడలేదు. నేను రొట్టె కాల్చి పట్టుకెళ్ళాను. ఆమె అది తింది. అది చూడటం నా వల్ల కాలేదు.

ఆకులు రాలాక ఒరోజాలి వచ్చి చూసి, "విరిగినవాటిని మొదలంటా కోసెయ్. వేళ్ళు బతికే ఉన్నాయి," అన్నాడు. సోనుంబు నన్నే సాయం పిలిచింది. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని రెండు రోజులు కోశాం.

మరుసటి వేసవికి ప్రతి మొదలు నుంచీ నిటారుగా, కొరడాల్లాంటి కొమ్మలు లేచాయి. ఏడేళ్ళ వేళ్ళ బలమంతా ఒక్క కొమ్మలోకి వచ్చింది. ఆగస్టుకల్లా నా భుజం దాకా ఉన్నాయి, మునుపటికంటే తిన్నగా. మా అత్త మళ్ళీ కర్ర పట్టుకుని అక్కడే కూర్చుంది. నా కడుపు మళ్ళీ మండింది. నేను పాడుచేసింది కూడా ఆమెకే కలిసొచ్చింది.

ఆ మంటతోనే, పశ్చాత్తాపంతో కాదు, గడ్డి కోస్తుండగా చెప్పేశాను. "తడిక తీసింది నేనే."

సోనుంబు కొడవలి ఆగింది. "మీ పశువులు కంచె దాటడం ఎవరో చూశారక్కా. నాకు అప్పుడే చెప్పారు."

"మరి ముడి వెయ్యలేదని మామిర్ చేత తిట్లెందుకు తిన్నావ్?"

"మీ పేరు చెబితే ఆయన మీ ఇంటి మీదికి వచ్చేవాడు. అన్నదమ్ములు విడిపోతారు, అత్త ఎక్కడ ఉంటుంది?" మళ్ళీ కొడవలి ఎత్తింది. "మిమ్మల్ని క్షమించానని మాత్రం అనుకోకండి. రొట్టె తిన్నది ఆకలేసి."

"ఏం చెయ్యమంటావ్?"

"మీ వాలులో కంచె పక్కన పాతిక అడుగులు మొలకలకు వదిలెయ్యండి. కంపలు మీరే మోసుకురండి."

జోల్చును ఒప్పించడానికి నెల పట్టింది. నేనే ముళ్ళు నరికాను, నేనే మోశాను. ఆ పాతిక అడుగుల్లో ఎండిపోతున్న మా పెద్ద చెట్టొకటి కొట్టించాం. మూడో ఏడాది పద్నాలుగు మొలకలు వచ్చాయి.

మేమిద్దరం పనిమాటలు తప్ప ఎక్కువ మాట్లాడుకోం. నావి ఇప్పుడు మోకాలెత్తు ఉన్నాయి. ఆమెవి నా తలకు మించి ఎదిగాయి. రోజూ పొద్దున్నే ముందు ఆమె మొక్కల వైపే నా కళ్ళు వెళతాయి. ఒకటైనా ఎండిందేమోనని చూస్తాను. ఏదీ ఎండలేదు. తర్వాత నా గడ్డి కోసుకుంటాను, పీలికల చుట్టూ మెల్లగా.