చిటికెడు సిమెంటు

నీళ్ల మీద చిటికెడు సిమెంటు.

వెంటనే మునగలేదు. చెంబులో కాసేపు బూడిదరంగు పొరగా తేలింది... ఆ తర్వాతే నెమ్మదిగా కిందికి దిగింది.

పోచన్న తల ఊపాడు. మంచి సరుకు.

మంచి సరుకు వెంటనే మునగదు. సంచిలో చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. వేళ్ల మధ్య రుద్దితే మెత్తగా జారుతుంది. ఇరవై రెండేళ్లు సిమెంటు ఫ్యాక్టరీలో సంచులు నింపిన చెయ్యి అతనిది, దానికి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ కాగితం మీద రాసేది ల్యాబు వాళ్లు. ల్యాబు గుమ్మం దాకా నమూనా మోసుకెళ్లడమే పోచన్న వంతు.

గుమ్మం దాటింది లేదు.

ఇవాళ అలాంటి గుమ్మం ముందే అతని కూతురు నిలబడుతోంది. ఎక్కడో గుజరాత్‌లో, కొత్త ఫ్యాక్టరీలో, కెమిస్టు ఉద్యోగం. అంత దూరం రానక్కర్లేదు, ముందు కంప్యూటర్‌లో ముఖాలు చూసుకుని మాట్లాడుకుందాం అన్నారు వాళ్లు.

మాధవి పదిహేను రోజులుగా అద్దంతో ఇంగ్లీషు మాట్లాడుతోంది. పదో తరగతి దాకా మరాఠీలో చదివిన పిల్ల. అద్దం ఒక్కసారీ తప్పు పట్టలేదు — పాపం, మంచి అద్దం. తల్లి వెంకటమ్మ డ్రెస్సు ఇస్త్రీ చేసి, మడత నలిగితే ఊరుకోనని ఇంట్లో అందరినీ బెదిరించింది.

మరి పోచన్న ఏం చేయాలి?

అతని తండ్రి పత్తి అమ్మబోయేటప్పుడు రుమాలు కొసన గుప్పెడు పత్తి కట్టుకుపోయేవాడు. సేటు పోగు లాగి చూసి ధర చెప్పేవాడు. మాటలు కోటలు దాటొచ్చు, సరుకు కళ్లపడాలి కదా.

అందుకే పోచన్న రుమాలు కొసన గుప్పెడు సిమెంటు ముడి వేశాడు.

బస్సులో మాధవి నవ్వింది. "బాపూ, వాళ్లు టీవీల కనవడ్డట్టు కనవడుతరు. ముట్టి సూడరాదు."

"సూడకున్నా ఏంగాదు బిడ్డా. పక్కన పెట్టుకో."

పెట్టుకుంది. బాపు మాట కాదనలేక.

మహారాష్ట్రలోని గడ్‌చాందూర్. రెండు వేల ఎనిమిది వేసవి. లోడ్‌షెడ్డింగ్ వేళ కూడా నడిచే నెట్ కెఫే అదొక్కటే. మాధవి, తల్లి ఇచ్చిన బొట్టుబిళ్ల తీసి కెమెరా పక్కన అంటించింది — చూపు అటే ఉండాలట, తెర మీది ముఖాల వైపు కాదు. పోచన్న ప్లైవుడ్ గది బయట స్టూలు మీద కూర్చున్నాడు. తలుపు మాత్రం మూయనివ్వలేదు.

తెర మీద ముగ్గురు.

ఇంగ్లీషు... ఇంగ్లీషు... పోచన్నకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కూతురి గొంతు అర్థమైంది. అది నిలకడగా ఉంది.

అంతలో ఆ గొంతు ఆగింది.

ముగ్గురిలో పెద్దాయన అదే ప్రశ్న హిందీలో అడిగాడు. మెషీన్లన్నీ ఆగిపోయాయనుకో — సరుకు మంచిదో కాదో ఎలా చెప్తావు?

అద్దం ఈ ప్రశ్న అడగలేదు.

మాధవి చెయ్యి రుమాలు మీదికి పోయింది. ముడి విప్పింది. వేళ్ల మధ్య రుద్ది చూపింది. తాగడానికి తెచ్చుకున్న గ్లాసు నీళ్లలో చిటికెడు వేసి కెమెరా ముందు ఎత్తి పట్టింది.

తేలుతోంది.

ఎవరు నేర్పారని అడిగాడు పెద్దాయన.

మాధవి చూపు మొదటిసారి బొట్టుబిళ్ల మీంచి తప్పింది. కెమెరానే గుమ్మం బయటున్న బాపు వైపు తిప్పింది.

తెర మూలన చిన్న చతురస్రంలో పోచన్న తనను తాను చూసుకున్నాడు. కనుబొమ్మల్లో బూడిదరంగు — ఎన్ని స్నానాలు చేసినా పోనిది. లేచి నిలబడ్డాడు. నమస్కారం పెట్టాలని కూడా తోచలేదు. గుమ్మం అవతలి వాళ్లు ముగ్గురు, అతని కూతురు చూపిస్తే, అతన్ని చూస్తున్నారు. గర్వంగా ఉంది. ఇంత గర్వం ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

చెప్తాం అన్నారు వాళ్లు. తెర నల్లబడింది.

వస్తుందో... రాదో.

మాధవి మిగిలిన సిమెంటును మళ్లీ ముడి వేసింది. రుమాలు బాపుకు తిరిగి ఇవ్వలేదు. సర్టిఫికెట్ల సంచిలో పెట్టుకుంది.

బల్ల మీద గ్లాసు. నీళ్ల మీద చిటికెడు సిమెంటు.

ఇంకా మునగలేదు.