ఎర్ర మూత, నల్ల మూత

షుగరు వచ్చిందని డాక్టరు చెప్పినప్పుడు పర్శరాములు అన్నం మాట ఎత్తలేదు, మిఠాయిల మాట ఎత్తలేదు. "కూల్‌డ్రింక్ తాగచ్చునా సార్?" అని మాత్రం అడిగాడు. డాక్టరు నోరు తెరిచేలోపే పక్కనున్న భార్య శంకరవ్వ "ముట్టద్దు" అని తీర్పు చెప్పేసింది.

పాపం, అతడి బాధ అతడిది. సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు. ఆ మరమగ్గాల మోతకు పొద్దంతా చెవులు చిల్లులు పడ్డాక, సాయంత్రం ఒక చల్లని ఎర్ర మూత సీసా గొంతులో పోసుకుంటేనే మళ్లీ మనుషుల్లో పడేవాడు. మొగుడికి వేరే వ్యసనమేదీ లేదని శంకరవ్వకూ తెలుసు. కానీ ఆమె అన్న ఈ షుగరుతోనే కాలు పోగొట్టుకున్నాడు. అది చూసిన కళ్లతో ఎర్ర మూత సీసాను ఆమె గడప దాటనిస్తుందా?

కొన్నాళ్లకు పర్శరాములు నల్ల మూత సీసా ఒకటి పట్టుకొచ్చాడు.

"గిండ్ల చక్కెర లేదే. మా అసుంటోళ్లకే చేసిండ్రట."

"చక్కెర లేకుంట తియ్యగ ఎట్లుంటది? నా చెవుల పువ్వు వెడుతున్నవా?"

శంకరవ్వ మొగుడి మాట కంటే చీమల మాట ఎక్కువ నమ్ముతుంది. దుకాణం నుంచి ఎర్ర మూతది కూడా ఒకటి తెప్పించి, రెండూ చెరో చెంచా వాకిట్లో బండ మీద పోసి, పీట వేసుకుని కూర్చుంది. కాసేపటికి ఎర్ర మూత తడి చుట్టూ చీమలు పెళ్లి బంతికి కూర్చున్నట్టు కూర్చున్నాయి. నల్ల మూత వైపు ఒక్కటీ తల తిప్పలేదు. ఆరాక వేలు పెట్టి చూస్తే ఎర్రది జిగురు జిగురుగా ఉంది, నల్లది పోసిన జాడే లేదు. ఆఖరికి తానూ ఒక గుటక వేసింది.

"తియ్యగనే ఉన్నది గని, మింగినంక ఎనుక జర చేదు తగులుతున్నది."

"తగిలితే తగలనీ. నాకు గదే పరమాన్నం," అన్నాడు పర్శరాములు.

ఆనాటి నుంచి శంకరవ్వ నల్ల మూతకు భక్తురాలైపోయింది. చుట్టాలింటికి పోతే కూల్‌డ్రింక్ పోయకుంటే వాళ్లకు పరువు తక్కువ, తాగకుంటే వీళ్లకు పొగరంటారు. అందుకని నల్ల మూత సీసా సంచిలో వేసుకుపోయి, వాళ్ల గ్లాసులోనే మొగుడికి పోసేది. ఇంట్లోని చక్కెర డబ్బా పక్కింటికి వలస పోయింది. కళ్లు తిరిగితే నోట్లో వేసుకోమని డాక్టరు జేబులో పెట్టించిన చాక్లెట్లను కూడా వాడకట్టు పిల్లలకు పంచేసింది. కళ్లు తిరగకముందే ఈయన వాటిని ఖాళీ చేస్తాడని ఆమె భయం.

ఒక మంగళవారం ఇద్దరూ కొండగట్టుకు బయలుదేరారు. షుగరు అదుపులో ఉండాలని అంజన్నకు మొక్కు. దర్శనం అయ్యేదాకా ఏమీ తిననన్నాడు పర్శరాములు.

"తినకున్న మంచిదే, గోలి మాత్రం తప్పద్దు," అని శంకరవ్వ మాత్ర మింగించి మరీ బస్సెక్కించింది.

కొండ మీద ఇసుక వేస్తే రాలనంత జనం. వరస కదలదు. ఎండ నెత్తికెక్కేసరికి పర్శరాములు చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది, చేతులు వణకసాగాయి. "దారం తెగింది, సాంచ ఆపుండ్రి," అన్నాడు, ఎదురుగా మగ్గం ఉన్నట్టు. శంకరవ్వ అతడిని పక్కకు తప్పించి, కొబ్బరికాయల దుకాణం నీడలో కూర్చోబెట్టి, నల్ల మూత తీసి తాపింది. సగం సీసా తాగినా వణుకు తగ్గలేదు, మాట కుదురుకోలేదు.

దుకాణం నడిపే కొమురవ్వ లేచి వచ్చింది. "షుగర్ మనిషా చెల్లె? పొద్దున ఏమన్న తిన్నడా?"

"తినలే అక్కా. గోలి ఏసుకున్నడు."

"అయ్యో, తినకుంట గోలి ఏసుకునుడా! షుగర్ వడిపోయింది. నాగ్గూడ గిట్లనే అయింది ఒకపారి. నీ సీసల చక్కెరే లేకపాయె, అదేం పనిజేస్తది?" అంటూ ఫ్రిజ్‌లోంచి ఎర్ర మూత సీసా తీసి చేతిలో పెట్టింది.

శంకరవ్వ చెయ్యి ఆగిపోయింది. అన్న కాలు కళ్లముందు కదిలింది. "అక్కా, గిది ఇసం. నేనే బంద్ వెట్టిన."

"రోజు తాగితే ఇసం. ఇప్పుడు గదే మందు. మింగుతుండంగనే తాపు, జల్ది!"

గుటక గుటకకూ అంజన్నను పిలుచుకుంటూ తాపింది. మెల్లగా చేతుల వణుకు తగ్గింది. పర్శరాములు కళ్లు నిలిపి పెదవులు చప్పరించాడు. సీసా చూశాడు, పెళ్లాం మొఖం చూశాడు, బెదిరిపోయాడు.

"ఏమే, నాకు దినాలు దగ్గరవడ్డయని డాక్టర్ చెప్పిండా?"

"గదేం మాట?"

"మరి నీ చేతులతోని గిది తాపుతున్నవ్?"

కొమురవ్వ పకపకా నవ్వింది. శంకరవ్వకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అతడి భుజం మీద ఒక్కటి వేసింది.

"బతుకాలెనని వద్దన్న, బతుకాలెననే తాపుతున్న. సప్పుడు జేయక తాగు."

తాగాడు. శంకరవ్వ అప్పటికే దుకాణంలోని అరటిపండు ఒలిచి అతడి నోటి దగ్గర పెట్టింది.

"దర్శనం కాలే గదనే. మొక్కు?"

"అంజన్నతోని నేను మాట్లాడుకుంట. నువ్వు తిను."