వెనక్కి పిలిచే కూత

ఆ పాలెంలో ప్రభుత్వమంటే కొండమ్మే. రేడియోలో చెప్పిన వాయుగుండమైనా, బందరు రేవులో ఎగరేసిన మూడో నంబరు సూచికైనా, తాసీల్దారు పంపిన కాగితమైనా ముందు కొండమ్మ గుమ్మం దగ్గర ఆగాల్సిందే. ఆవిడ తలూపితే మూటలు కట్టేవాళ్లు. పెదవి విరిస్తే పొయ్యి మీది పులుసు కలుపుకుంటూ కూర్చునేవాళ్లు.

ఊరికే రాలేదు ఆ పెత్తనం. డెబ్బై ఏడు ఉప్పెనలో పాలెం పాలెమంతా తుడిచిపెట్టుకుపోయినప్పుడు కొండమ్మ ఇరవై ఎనిమిదేళ్ల మనిషి. ఇద్దరు బిడ్డల్ని సముద్రానికి ఇచ్చుకుని, చీర తుమ్మకంపలో చిక్కుకోబట్టి బతికిపోయింది. ఆ తర్వాత పుట్టినవాడే బంగార్రాజు. వాణ్ణి కన్నాక ఆవిడ ఒట్టు పెట్టుకుంది, ఈ పాలెంలో ఇంకో ప్రాణం నీళ్లపాలు కాకూడదని. ఒట్లు అందరం పెట్టుకుంటాం. ఈవిడ నిలబెట్టుకోవడానికి నడుం కట్టింది.

అప్పట్లో సాయానికొచ్చిన ఓ సంస్థవాళ్లు చేత్తో తిప్పే సైరను ఒకటి ఇచ్చి పోయారు. ప్రెసిడెంటు ఇంట్లో పెడదామన్నారు పెద్దలు. ప్రెసిడెంటుగారు నెలకి ఇరవై రోజులు గుడివాడలోనే ఉంటారు, ఆయన బస్సు దిగేదాకా ఉప్పెన ఆగుతుందా అని కొండమ్మ దాన్ని తన ఇంటికి మోయించుకుంది. అప్పటినుంచి ఏటా నవంబరు పంతొమ్మిదిన, పండగో పబ్బమో చూడకుండా, సైరను తిప్పేది. కూత వినగానే నలభై రెండు గడపలూ ఎక్కడి పని అక్కడ వదిలి, మేకల పలుపులు కోసి, పిల్లల్ని చంకనేసుకుని, ఉత్తరంగా పరుగెత్తి కృష్ణ కరకట్ట ఎక్కాలి. నవ్వినవాళ్లకి చీవాట్లు. పెట్టె కోసం వెనక్కి వెళ్లినవాడికి నడివీధిలో చెంపదెబ్బ. చివరికి ఏడు నిమిషాల్లో పాలెం ఖాళీ అయ్యే స్థితికి తెచ్చింది. తొంభైలో తుఫాను వచ్చినప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో శవాలు లేచాయి గానీ ఇక్కడ ఒక్క ప్రాణం పోలేదు. ఆ తర్వాత కొండమ్మ మాటకి తిరుగేముంది?

పాలెం చివర, సముద్రం వైపు, స్తంభాల మీద కట్టిన తుఫాను షెల్టరు ఒకటుంది. ఉండీ లేనట్టే. తొంభై తుఫానుకి శ్లాబు పెచ్చులూడితే ఇంజనీరొకాయన వచ్చి ఎర్ర రంగుతో ‘ప్రవేశించరాదు’ అని రాయించి వెళ్లాడు. బాగు చేయించమని మాత్రం ఎవరూ రాయలేదు. అందులో చిరిగిన వలలూ ఎండుచేపల గంపలూ చేరాయి. అందుకే కరకట్టే దిక్కయింది. పాలెం నుంచి కట్టకి కిలోమీటరున్నర. అటూ ఇటూ రొయ్యల చెరువులు, మధ్యన బండి పట్టేంత మట్టిరోడ్డు.

రెండు వేల తొమ్మిది అక్టోబరు. పున్నమి వెళ్లి రెండో రోజు. పొద్దున్నే తలారి నాంచారయ్య సైకిలు తొక్కుకుంటూ వచ్చి, రొప్పుతూ కొండమ్మ అరుగు మీద కూలబడ్డాడు.

“అత్తా, బెజవాడ బ్యారేజీ కాడ పదకొండు లచ్చల క్యూసెక్కులంట! పుట్టి బుద్దెరిగాక అంత నీరు చూళ్లేదంటన్నారు పెద్దోళ్లు. అందర్నీ అవనిగడ్డ హైస్కూలుకి పొమ్మన్నారు. పాత తూము కాడ కట్ట చెమ్మ పట్టిందత్తా, నేను కళ్లారా చూసొచ్చా. రొయ్యల చెరువులోళ్లు కట్ట కింద పైపులేసి గుల్ల చేసి పెట్టారు కదా!”

కొండమ్మ లేచి వీధిలోకి వచ్చింది. ఆకాశం కడిగిన కంచంలా ఉంది. ఆకు కదలడం లేదు. తూర్పు గాలి ఊసే లేదు. సముద్రం పాలు తాగిన పసిబిడ్డలా పడుకుని ఉంది. ముక్కు ఎగబీల్చి చూసింది. ఎండుచేపల వాసన తప్ప ఇంకేం లేదు.

“ఏ లచ్చలయ్యా? కృష్ణలో ఇసక తప్ప నీళ్లు చూసి ఎన్నేళ్లయింది? పైన డ్యాములన్నీ కట్టి గొంతు తడుపుకోడానికి లేకుండా చేశారు. ఇయ్యాల ఉన్నట్టుండి మనకి పంపుతారంట పదకొండు లచ్చలు!” అంది. చుట్టూ చేరినవాళ్లు నవ్వారు.

“కాగితం ఒచ్చిందత్తా…”

“ఇట్టాగే రాలేదా కాగితం? తొంభయ్యారులో రాలేదా? కూడూ నీళ్లూ లేకుండా రెండ్రోజులు బళ్లో కూర్చున్న పక్కూళ్లోళ్లు ఏం బావుకున్నారు? తుఫాను అటు కోనసీమకి పోయింది. నువ్వెళ్లి టీ తాగు నాంచారయ్యా. సంగతేదన్నా ఉంటే నేనే కూతేస్తా.”

అంతే. ఆ మాటతో వ్యవహారం తెగిపోయింది. నాంచారయ్య అయిదారిళ్లు తిరిగి బతిమాలాడు. అన్నిచోట్లా ఒకటే మాట: “కొండమ్మ కూతేస్తే వస్తాంలే బావా.” తప్పెవరిదని అడిగితే ఏం చెప్పను? నలభై రెండు ఇళ్లకి ఒకే ముక్కు, ఒకే నోరు పెట్టుకుని బతకడం ఆ పాలెం చేసుకున్న ఏర్పాటు. ఆ ముక్కుకి సముద్రం వాసన తెలుసు. నది వాసన తెలియదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. బంగార్రాజు బందరు పక్కన గిలకలదిండిలో బోటు పనికి వెళ్లి నాలుగు రోజులైంది. కోడలు సాయిదుర్గ అరుగు మీద కూర్చుని అయిదేళ్ల తనూజకి జడలు అల్లుతోంది. కొండమ్మ అంట్లగిన్నెలు తీసుకుని ఇంటి వెనక పాయ దగ్గరికి వెళ్లింది.

అది పాటు వేళ. నీళ్లు సముద్రంలోకి లాగేసి, బురదలో ఎండ్రకాయలు తిరుగుతుండాలి. కొండమ్మ కాళ్లు పెట్టే రాయి కనపడలేదు. నీళ్లు రాయిని ముంచి, పై గట్టు దాకా వచ్చి ఉన్నాయి. ఎర్రగా ఉన్నాయి. చూస్తుండగానే ఒక అరటిబోదె, దాని వెనకే గడ్డివామి ముక్క, ఆ పైన కాళ్లు పైకి పెట్టిన గేదె ఒకటి తేలుతూ సముద్రం వైపు పోయాయి.

ఆవిడ వంగి దోసిలితో నీళ్లు తీసి నోట్లో పోసుకుంది. పుట్టినప్పటి నుంచీ ఉప్పగా తెలిసిన ఆ పాయ నీళ్లు తియ్యగా ఉన్నాయి.

గిన్నెలు అక్కడే వదిలేసింది. ఇంట్లోకి పరుగెత్తి, మంచం కిందనుంచి సైరను లాగి, అరుగు మీద పెట్టి పిడి తిప్పసాగింది.

కూత లేచింది. ఆ తర్వాత జరిగింది చూస్తే ఏ కలెక్టరైనా మెచ్చుకునేవాడు. ఒక్కరు ఎందుకని అడగలేదు. వల అల్లుతున్నవాడు అల్లిక వదిలాడు, రోలు దగ్గర ఉన్నది పచ్చడి వదిలింది. మేకల పలుపులు తెగాయి. సాయిదుర్గ సగం అల్లిన జడతోనే తనూజని చంకనేసుకుని, “అత్తా, నువ్వూ వచ్చెయ్!” అని అరిచి వీధిలో పడింది. కొండమ్మ కళ్లు మూసుకుని పిడి తిప్పుతూనే ఉంది. పొద్దున నోరు జారినా, సమయానికి కూతేశాను, అందరూ కదిలారు అనుకుంది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆవిడ గుండె కుదుటపడింది.

కళ్లు తెరిచి వీధి చివరికి చూసింది. పాలెమంతా ఉత్తరంగా పరుగెడుతోంది. కరకట్ట వైపు. పాత తూము వైపు.

పిడి మీద చెయ్యి ఆగిపోయింది. ఉప్పెన వస్తే సముద్రం నుంచి దూరంగా పరుగెత్తమని ముప్పై రెండేళ్లు నేర్పింది. నీళ్లు ఎదురుగా ఉత్తరం నుంచి వస్తాయని కలలో కూడా అనుకోలేదు. ఇప్పుడు వాళ్లని వెనక్కి పిలవాలి. ఎలా పిలవడం? సైరను తిప్పితే పరుగెత్తమని. ఆపితే కొండమ్మ కూడా కదిలింది, నీళ్లు వచ్చేశాయి, ఇంకా గట్టిగా పరుగెత్తమని. వెనక్కి రమ్మనే కూత ఒకటి ఉండాలని ఆవిడకెప్పుడూ తోచలేదు. ఎవరికీ తోచలేదు.

సైరను వదిలేసి మట్టిరోడ్డు పట్టింది. “ఆగండ్రా! వెనక్కి రండి! కట్ట మీదకి పోవద్దు!” గాలి లేదు, గొంతు చాలాదూరం పోతోంది. కొందరికి వినపడే ఉంటుంది. రోడ్డు మీద, రెండొందల గజాల దూరంలో సాయిదుర్గ వీపు కనపడింది, భుజం మీద తనూజ తల కనపడింది. “దుర్గా! ఒసే దుర్గా! తిరుగు!”

సాయిదుర్గ తిరగలేదు.

ఎలా తిరుగుతుంది? ఉప్పెన రోజున కొండమ్మ పెద్దకూతురు, ఏడేళ్లది, ఇరుగుపొరుగుతో కలిసి ముందే పరుగెత్తింది. ఇంకో యాభై అంగల్లో కట్ట ఎక్కేది. వెనక చంటివాడితో పడుతూ లేస్తూ వస్తున్న కొండమ్మ భయం ఆపుకోలేక, “అమ్మడూ, ఆగవే!” అని కేకేసింది. పిల్ల ఆగింది. అమ్మ కోసం వెనక్కి వచ్చింది. అప్పుడే నీళ్లు వచ్చాయి. ఆ సంగతి కొండమ్మ ఏటా పాలెం అందరి ముందూ ఏడవకుండా చెప్పి, చివర్న ఒకే ముక్క అనేది: “ఎవరు పిలిచినా తిరగొద్దు. నేను పిలిచినా తిరగొద్దు.” కాపురానికొచ్చిన కొత్తలో సాయిదుర్గ చేత పసుపుకుంకుమల మీద ప్రమాణం చేయించింది కూడా.

కొండమ్మ పరుగెత్తింది. అరవయ్యేళ్ల ఒంట్లో ఎంత పరుగుంటుంది? చెప్పులు ఊడాయి, చీర కాళ్లకి అడ్డం పడింది, పడి లేచింది. తిట్టింది. ప్రాధేయపడింది. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది. పిలిచిన కొద్దీ వాళ్లు ఇంకా వేగంగా పోయారు. నాయనా, ఎంత చక్కగా నేర్చుకున్నారు!

కట్ట తెగిన చప్పుడు లారీ కంకర దింపినట్టు వినపడింది. మొదట్లో నీళ్లు కనపడలేదు. ముందున్న మనుషులు ఆగడం కనపడింది. ఆ తర్వాత రెండు పక్కలా రొయ్యల చెరువుల గట్లు మాయమయ్యాయి. రోడ్డు మాయమైంది. తలలు విడివిడిగా పక్కలకి జరిగాయి. అందులో ఏది సాయిదుర్గదో కొండమ్మకి తెలియలేదు.

అక్కడే మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. లేచే ఉద్దేశం లేదు. వెనకనుంచి ఎవరో పిలుస్తున్నారు. మోకాళ్ల నొప్పులతో ఏ ఏడూ పరుగెత్తలేక కొండమ్మ చేత తిట్లు తినే సంతోషమ్మ, షెల్టరు మెట్ల మీద నిలబడి కొంగు ఊపుతోంది. ఆవిడ పక్కన ఇంకో పదకొండు మంది, ముసలివాళ్లూ కుంటివాళ్లూ, జ్వరంతో లేవలేనివాళ్లూ ఉన్నారు. కరకట్ట దాకా పోలేం, చస్తే ఇక్కడే చద్దాం అని ప్రవేశించకూడని చోటుకి ఎక్కారు.

“కొండమ్మక్కా, నీళ్లు ఇంకా రాలేదు, వచ్చెయ్! చానా టైముంది!”

చాలా టైముంది. నీళ్లు చెరువులన్నీ నింపుకుని, దారి వెతుక్కుని షెల్టరు దాకా రావడానికి పావుగంట పట్టింది. పావుగంట! కొండమ్మ ఎలా నడిచిందో, ఎవరు పైకి లాగారో ఆవిడకి గుర్తులేదు. పెచ్చులూడిన ఆ శ్లాబు మర్నాటి దాకా పదమూడు మందిని మోసింది. చిన్న పగులు కూడా ఇవ్వలేదు.

తొమ్మిది మంది పోయారు. తొమ్మిది మందీ పరుగు వచ్చినవాళ్లు, అందరికన్నా ముందు కదిలినవాళ్లు. మిగిలినవాళ్లని రొయ్యల చెరువుల మోటారు షెడ్ల మీదనుంచీ తుమ్మచెట్ల మీదనుంచీ పడవలవాళ్లు దింపుకొచ్చారు. సాయిదుర్గ ఒక షెడ్డు స్తంభాన్ని కరుచుకుని దొరికింది. చేతులు విడదీయడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. ఆ చేతుల్లో తనూజ లేదు.

మూడో రోజు. అవనిగడ్డ హైస్కూలులో ఏడో తరగతి గది. కబురందుకుని బందరు నుంచి వచ్చిన బంగార్రాజు కూతుర్ని వెతుక్కుంటూ పడవల వెంట తిరుగుతున్నాడు. వరండాలో ఎవరో అధికారి, ప్రజల్లో అవగాహన లేదండీ, హెచ్చరిస్తే కదలరండీ అని ఫోనులో చెబుతున్నాడు. సాయిదుర్గ మూడు రోజులుగా నోరు విప్పలేదు. కొండమ్మ పులిహోర కంచం తెచ్చి, ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టింది.

సాయిదుర్గ ముద్ద వంకే చూస్తూ అంది:

“నువ్వు పిలవడం ఇన్నానత్తా.”

కొండమ్మ ముద్దని మళ్లీ కంచంలో పెట్టింది.

“నీ గొంతేనని తెలిసింది. పిల్ల కూడా చెప్పింది. నాన్నమ్మ రమ్మంటంది, ఆగమ్మా ఆగమ్మా అని ఒకటే గొడవ. నేనే దాని మొగం బుజానికేసి అదుముకుని ఉరికా.” “తిరిగుంటే షెల్టరు కాడికి అందేవాళ్లమా అత్తా?”

ఆ పావుగంట కొండమ్మకి తెలుసు. రెండొందల గజాలూ తెలుసు. కుంటుకుంటూ వచ్చిన తనే అందుకుంది. పాతికేళ్ల మనిషి, చంకలో పిల్లతో, ఆడుతూ పాడుతూ వచ్చేది.

“లేదమ్మా,” అంది కొండమ్మ. “తిరిగినా అందేవాళ్లు కాదు. నీ తప్పేం లేదు.”

ముప్పై రెండేళ్లుగా పాలెమంతా కళ్లు మూసుకుని నమ్మిన నోరు అది. సాయిదుర్గ తలెత్తి అత్త మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. ఆ ఒక్క మాటా నమ్మలేదు. కంచం పక్కకి జరిపి, గోడ వైపు తిరిగి పడుకుంది.