నాలుగో బటన్

"అమ్మా, రెండు నొక్కు!"

కిరణ్ సోఫాలోంచి కేకేశాడు. వంటింటి గుమ్మంలో అప్పడాల పీట ముందు కూర్చున్న వాసవీకుమారికి ఆ కేక సరిగ్గా వినపడలేదు. కొడుకు గాలిలో రెండు వేళ్ళు ఊపడం మాత్రం కనపడింది. నేలమీద చేతులు ఆన్చి లేచింది. గుమ్మం పక్కన గోడకు బిగించిన నల్ల పెట్టె మీద, పిండి అంటకుండా మోచేత్తో రెండో బటన్ నొక్కింది. అది టక్కుమని లోపలికి పోయింది, ఒకటోది బయటికి పొడుచుకొచ్చింది. టీవీలో పురాణం చెప్పే ఆయన నోరు ఆడుతూనే ఉంది, మాట ఆగిపోయింది. కిరణ్ కంప్యూటర్లోని క్రికెట్ గోల హాలంతా నిండింది.

"ఏటే, ఒక్క నిమిషం ఆగలేవా? ఆయన అసలు సంగతిలోకొచ్చాడిప్పుడే!" అని వెంకటరమణమూర్తి కసిరాడు. కసిరింది భార్యని, కొడుకుని కాదు.

ఆ పెట్టె కిరణే తెచ్చాడు. ఇంట్లో మంచి స్పీకర్లు ఒక్క జతే. వాటిలో టీవీ పలకాలి, కంప్యూటర్ పలకాలి, పొద్దున్నే మూర్తి ఫోన్లోంచి సుప్రభాతం పలకాలి. మాటిమాటికీ వైర్లు పీకి గుచ్చలేక ఈ పెట్టె పెట్టాడు. ఒక వైపు నాలుగు కన్నాలు, వాటికి నాలుగు బటన్లు. రెండో వైపు ఒక్కటే కన్నం, అందులోంచి స్పీకర్లకు పోయే వైరు. ఏ బటన్ లోపలికి పోతే దానికే గొంతు. మూడు కన్నాల్లో మూడు వైర్లున్నాయి, నాలుగోది ఖాళీ. "దీనికి రిమోట్ రాదేట్రా?" అని తండ్రి అడిగితే, "అమ్మ ఉంది కదా" అన్నాడు కిరణ్. ఇద్దరూ నవ్వారు. కోడలు ఇంద్రజ నవ్వలేదు. తన ఫోనుకి కూడా ఆ పెట్టెలో వైరు లేదని ఆ పిల్ల అప్పుడే చూసుకున్నట్టుంది.

వాసవికి చెవులు మందగించి చాలా కాలమైంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే దోమ తిరిగినట్టు రొద తప్ప మాట తెలియదు. కుడి చెవి చీము పడుతుంది కాబట్టి అందులో ఏదీ దూర్చొద్దన్నాడు డాక్టరు. ఎడమ చెవికి మిషను పెట్టించమంటే మూర్తి, "ఇంట్లో ఉండేదానికి మిషనెందుకు? బయట ఎవరితో మాటాడాలి నువ్వు?" అన్నాడు. నిజంగానే సందేహం వచ్చి అడిగినట్టు అడిగాడు. అదే ఆమెకు ఎక్కువ బాధ. ఆ స్పీకర్లలో వచ్చే మాట మాత్రం ఆమెకు స్పష్టంగా వినపడుతుంది, గుండెల మీద తట్టినట్టు. పురాణం ఆయన గొంతులో జలుబు కూడా పట్టేస్తుంది. ఆమె వినాలనుకున్నది మాత్రం ఆయన్ని కాదు, దేముడమ్మని.

దేముడమ్మది చికిటి దగ్గర పల్లె. తెల్లారి బస్సు దిగి, ఈ గుమ్మంలోనే వాసవి పక్కన కూర్చుని, ముప్పై ఏళ్ళపాటు మూర్తి కొట్టుకు అప్పడాలు వత్తింది. ఒకరి పిల్లల జ్వరాలు ఒకరికి తెలుసు. ఒకరు ఏడిస్తే పిండిలో ఉప్పెక్కువైందని రెండోవాళ్ళు వేళాకోళమాడేవారు. మోకాళ్ళు అరిగిపోయి దేముడమ్మ పని మానేశాక, ఒకసారి ఊరికే చూడ్డానికొస్తే, "పని మానేసినోళ్ళకి గుమ్మంలో పనేటి?" అన్నాడు మూర్తి. దేముడమ్మ ఆ మాటకు తలూపి, కుచ్చిళ్ళు సర్దుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆమెకు రాయడం రాదు. అందుకని కొడుకు లోకనాథ్ కొనిచ్చిన ఫోన్లో మాట నింపి పంపుతుంది. వాసవి తెర మీద, మాట వచ్చిందని చూపే పచ్చ గుర్తు చూసుకుంటుంది, చెవి దగ్గర పెట్టుకుంటుంది, దోమ రొద వింటుంది. సాయంత్రం ఇంద్రజ బ్యాంకు నుంచి వచ్చాక విని చెబుతుంది. "బాగున్నాదంట అత్తయ్యా. మిమ్మల్ని అడిగినట్టు చెప్పమంది." అంతే. అంత పొడుగు మాటలోంచి అంతే మిగులుతుందా? దేముడమ్మ ఎక్కడ నవ్విందో, ఎక్కడ ఆగిందో ఎవరు చెబుతారు?

నాలుగో బటన్ తనకిమ్మని వాసవి అడక్కపోలేదు. "కూలి మనిషి కబుర్లు నా హాల్లో మోగాలా? ఈదిలోవాళ్ళు వింటే ఏటనుకుంటారు?" అన్నాడు మూర్తి. "ఛాడొ అమ్మా, ఇంద్రజ చెప్తోంది కదా" అన్నాడు కిరణ్, వదిలెయ్యమని ఒడియాలోనే తేల్చేస్తూ. మొన్న చలికాలంలో దేముడమ్మ కంటి ఆసుపత్రికి బరంపురం వచ్చింది. పాత బస్టాండులో మధ్యాహ్నం దాకా కూర్చుంటాను, రమ్మని మాట పంపింది. ఆ మాట ఇంద్రజ నోటి ద్వారా వాసవికి చేరేసరికి వీధిలో దీపాలు వెలిగాయి. ఆ పూట వాసవికి తండ్రి పోయిన రోజు గుర్తొచ్చింది. పుట్టింటి ఊరు ఖల్లికోట నుంచి కబురు పొద్దున్నే కొట్టుకు వచ్చిందట. కొట్టు మూసి, భోజనం చేసి, చెయ్యి కడుక్కున్నాక చెప్పాడు మూర్తి. "ముందే చెప్తే వంటెవరు చేస్తారే?" అన్నాడు. ఆమె వెళ్ళేసరికి బూడిద మిగిలింది. తనకు రావలసిన ప్రతి మాటా ముందు ఇంకొకరి చేతిలో కాసేపు కూర్చుంటుంది, వాళ్ళకు తీరికైనప్పుడు లేచి తన దగ్గరకొస్తుంది. ఈ లోపల మనుషులు ఉండరు. బస్సులు ఉండవు. ఇప్పుడు ఫోను మీద పచ్చ గుర్తు కనపడితే చాలు, ఇంద్రజ వచ్చే వేళకి ఇంకా ఎంతుందో గడియారం చూసుకుంటుంది.

ఈ రోజు పొద్దున బ్యాంకుకి వెళ్తూ ఇంద్రజ అత్తగారి ఒళ్ళో ఒక పొట్టి వైరు పడేసింది. రెండు కొసలా సన్నటి పిన్నులు. చెప్పులు వేసుకుంటూనే, వినపడేలా గట్టిగా చెప్పింది. "ఒకటి ఫోన్లో, ఒకటి నాలుగో కన్నంలో. నేనెందుకత్తయ్యా మధ్యలో? ఆవిడ మీతో మాటాడుతున్నాది, నాతో కాదు."

వైరు ఒళ్ళోనే పెట్టుకుని వాసవి అప్పడాలు వత్తుతూ కూర్చుంది. భయం వేసింది. ఈ వయసులో, సొంత ఇంట్లో, ఒక వైరు గుచ్చడానికి భయం. మధ్యాహ్నం క్రికెట్ జోరు మీదుండగా పచ్చ గుర్తు వెలిగింది. ఒకటి కాదు, వరసగా మూడు. దేముడమ్మ ఎప్పుడూ అలా పంపదు.

వాసవి లేచింది. చేతులు కడుక్కోలేదు. ఫోన్లో ఒక పిన్ను గుచ్చింది. నాలుగో కన్నంలో రెండోది గుచ్చింది. ఈసారి మోచెయ్యి కాదు, పిండి బొటనవేలితోనే బటన్ నొక్కింది. రెండోది టక్కున బయటికొచ్చింది. ఫోన్లో మొదటి పచ్చ గుర్తు తట్టింది.

"సావుకారమ్మా! నానే, దేముడమ్మని."

ఆ గొంతు హాలంతా నిండింది. వాసవి గోడ పట్టుకుంది. ఎన్నాళ్ళైంది!

"లోకనాథ్ ఒచ్చాడు. ఇయ్యాల సందేళ బండికి నన్ను సూరత్ తీసుకెల్పోతన్నాడు. కోడలు మిల్లుకెల్తాదంట, పిల్లల్ని నాను సూడాలంట. ఇల్లు అప్పజెప్పీసినాం. మరింక రాను. మీ గుమ్మం ఎక్కను, ఆయనన్న మాట నాకింకా గుచ్చుకుంటంది. బరంపురం టేసన్లో ముందే కూకుంటాను. రా. ఈసారి రాకపోతే సూడు!"

"అమ్మా, లాస్ట్ ఓవర్!" కిరణ్ అరిచాడు.

"ఏటిది? ఆపు" అన్నాడు మూర్తి.

రెండో మాట మొదలైంది. "ఇంకోటేటంటే, నీ మొగుడు అప్పడాల డబ్బా మీద మీసాలతోటి తన బొమ్మేసుకున్నాడు గదా, ఒక్క అప్పడమేనా వత్తినాడేటి? పిండిలో ఉప్పు సూడమంటే ఉత్త కారం నాకీసి, ఏడిసినోడు! ఇంటన్నాడేటి? ఇననీ!"

కిరణ్ నవ్వాపుకోబోయి దగ్గాడు. మూర్తి మొహం ఎర్రబడింది. "నా ఇంట్లో కూలి మనిషి చేత నన్ను తిట్టిస్తావా?" అంటూ లేచాడు. ఆ పెట్టె గోడకెక్కాక ఆయన దాని దగ్గరకు నడిచి రావడం అదే మొదటిసారి. వాసవి దానికి వీపు ఆన్చి నిలబడింది.

"పూర్తవనీయండి."

"జరుగు."

"ఆ రోజు మా నాన్న కబురు మీ దగ్గర పెట్టుకున్నారు. ఇది నా దగ్గరకు నేరుగా వచ్చింది. పూర్తవనీయండి."

ఆమె గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు. చెవులు మందం కాబట్టి కొలత తెలియలేదు, తెలిసినా తగ్గించేది కాదు. మూర్తి ఆగిపోయాడు. మూడో మాటలో ఏమీ లేదు. బస్సు హారన్లు, ఎవరో ఒడియాలో టిక్కెట్టు అడగడం, దేముడమ్మ ముక్కు ఎగబీల్చడం. అదీ చివరిదాకా విన్నది వాసవి. విన్నాక మళ్ళీ మొదటినుంచి పెట్టుకుంది. ఆ తరవాతే వైరు తీసి, చేతులు కడిగి, చీర మార్చుకుంది.

"డాబా మీద అప్పడాలెవరు తీస్తారు? మబ్బు పట్టింది" అన్నాడు మూర్తి, ఆమె వీధి గుమ్మంలో చెప్పులేసుకుంటుంటే.

"డబ్బా మీద బొమ్మ మీదే కదా. తియ్యండి."

దేముడమ్మ స్టేషన్లో ఒక గోనె మూట మీద కూర్చుని ఉంది. వాసవిని చూసి లేవబోయి మోకాలు పట్టుకుని మళ్ళీ కూలబడింది. వాసవి పక్కనే చతికిలబడింది. ఇద్దరికీ అలవాటైన కూర్చోవడమే, ముందు పీట లేదంతే. దేముడమ్మ వాసవి గోళ్ళలో మిగిలిన పిండి గీకి తీస్తూ, "ఇంగువ తగ్గించినావు" అంది వాసన చూసి. ఇద్దరూ నవ్వుతుంటే లోకనాథ్ మొహం తిప్పుకున్నాడు.

బండొచ్చింది. దేముడమ్మ రైలు పెట్టెలోకి ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని, "ఎల్తన్నానమ్మా" అంది.

"వెళ్ళొస్తాననవే!"

"రానిదానికి అబద్దమెందుకు? రోజూ మాటాడతాను. మరి నువ్వెలాగింటావు? ఆ ముసలోడు ఊరుకుంటాడేటి?"

వాసవి కిటికీ ఊచ మీద ఉన్న ఆ చేతి మీద చెయ్యి వేసింది. "నువ్వు మాటాడు. వినడం నా పని." బండి కదిలాక కూడా ఆ చేతితోపాటు ప్లాట్‌ఫారం మీద కొంత దూరం నడిచింది.

ఇంటికొచ్చేసరికి హాలు మూగగా ఉంది. టీవీలో పెదవులు ఆడుతున్నాయి. కిరణ్ కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఇంద్రజ అప్పుడే వచ్చినట్టుంది, మంచినీళ్ళు తాగుతూ నవ్వు దాచుకుంటోంది. తడిసిన అప్పడాలు ఒక మూల కుప్పగా ఉన్నాయి.

"మీ వైరు మీరే పట్టుకుపోయారు కదా, అది తెలియక మావయ్య ఇంకో వైరు పీకేశారత్తయ్యా, మళ్ళీ మీరు గుచ్చకుండా" అంది ఇంద్రజ గట్టిగా. "అప్పట్నించి ఏదీ పలకట్లేదు. మావయ్య నన్ను పెట్టె ముట్టుకోనివ్వట్లేదు, మీ అబ్బాయికి అలక."

వాసవి చూసింది. మూర్తి పీకింది అటువైపు ఒంటరిగా ఉండే వైరుని. స్పీకర్లకు పోయేదాన్ని. నాలుగు బటన్లూ బాగానే ఉన్నాయి, ఏది నొక్కినా వినిపించే దారి లేదు.

"సరిగ్గా పెట్టు. వార్తల టైమైంది" అన్నాడు మూర్తి, ఆమె వైపు చూడకుండా.

ఆమె చేతిలో ఫోను మీద పచ్చ గుర్తు వెలిగింది. బండి ఇచ్ఛాపురం చేరినట్టుంది. వాసవి నేల మీద పడి ఉన్న స్పీకర్ల వైరు అందుకుంది. దాని కొసనా అదే సన్నటి పిన్ను. దాన్ని పెట్టె వైపు తీసుకుపోలేదు. అప్పడాల పీట ముందు కూర్చుని, తిన్నగా తన ఫోన్లో గుచ్చుకుంది.

"పెట్టె మీరుంచుకోండి" అంది. "స్పీకర్లు నాకు చాలు."