తలుపు వెనక అరెస్టు

పిండి సగం కలిపి వదిలేసి వెళ్ళిపోయే బేకరీ మాస్టరును మీరెప్పుడైనా చూశారా? ఈ కథలోని మాస్టరు భార్య కూడా ఆ ఉదయం వరకు చూడలేదు. కూతురు పుట్టిందని ఆసుపత్రి నుంచి కబురొస్తే, "ఈ ముద్ద కాస్త అవనివ్వండి" అన్న మనిషి ఆయన. అలాంటిది, బల్ల మీద పిండి ముక్కలు ముక్కలుగా పడి ఉంది. మాస్టరు లేడు. సామాన్ల గది తలుపు మూసి ఉంది.

"ఏమండీ, లోపలేం చేస్తున్నారు?" అని తట్టిందామె.

"ఏం లేదు. నువ్వెళ్ళు." అన్నాడాయన తలుపు తియ్యకుండానే.

లోపల జరుగుతున్నది మీకు చెప్పాలి. మైదా బస్తాల మధ్య నిలబడి, పిండి చేతులతోనే మాస్టరు ఫోను పట్టుకున్నాడు. తెర మీద పోలీసు దుస్తుల్లో ఒక మీసాలాయన. మాస్టరు పేరుతో వెళ్ళిన పార్శిల్లో మత్తుమందు దొరికిందట. ఆయన్ని ఫోనులోనే అరెస్టు చేశారట. బ్యాంకులో ఉన్నదంతా తనిఖీ కోసం వాళ్ళ ఖాతాకి పంపితే, నిర్దోషి అని తేలాక తిరిగి ఇస్తారట. ఈ సంగతి భార్యకు చెబితే ఆమెను కూడా లోపలేస్తారట. మాస్టరు జన్మలో పార్శిలు పంపి ఎరగడు. కానీ భయపడ్డవాడికి తాడూ పామే కదా!

ఆ ఖాతాలో ఉన్నది కొత్త పొయ్యి డబ్బు. పాత పొయ్యి పొగకి భార్యకు దగ్గు పట్టుకుంది. ఆమె కోసం ఏళ్ళ తరబడి కూడబెట్టాడు. ఆ సాయంత్రమే కొత్తది రావాలి.

గల్లాపెట్టె దగ్గర కూర్చునేది మాస్టరు అక్క. వీధంతా ఆమెను 'దండోరా' అంటుంది. ఆమె చెవిన పడ్డ మాట రొట్టె చల్లారేలోగా వీధి చివరికి చేరుతుంది. అందుకని ఇంట్లో ఏ ముచ్చటైనా ఆమెకు ఆఖర్న చెబుతారు. ఆ రోజు మాత్రం మరదలు నేరుగా ఆమె దగ్గరికే పరిగెత్తింది.

"వదినా, ఆయన పిండి మధ్యలో వదిలేసి తలుపేసుకున్నారు!"

"పిండి వదిలేశాడా!" ఆ కేకకు రోడ్డు మీద సైకిలాయన కూడా ఆగాడు. "అయితే వాడి ప్రాణం మీదికొచ్చినట్టే. పదండి!"

ఆమె ఎవర్ని రమ్మందో ఏమో గానీ, బన్నుల కోసం నిలబడ్డవాళ్ళందరూ కదిలారు. పాత గొళ్ళెం ఒక్క తోపుకే ఊడింది.

"గదిలో ఎవరూ ఉండకూడదని చెప్పానా!" ఫోనులో మీసాలాయన గద్దించాడు.

"అక్కా, వెళ్ళిపోవే, నిన్ను కూడా పట్టుకుంటారు," అన్నాడు మాస్టరు ఏడుపు గొంతుతో. డబ్బు పంపడానికి ఇక వేలు ఆనించడమే తరువాయి. భార్య చటుక్కున ఫోను లాక్కుంది.

దండోరా అందులోకి తొంగి చూసింది. "అయ్యా ఇన్‌స్పెక్టరుగారూ, మీది ఏ స్టేషనండీ? మీకెందుకు శ్రమ, మేమే వచ్చేస్తాం. వీధి వీధంతా వస్తాం. అడ్రసు చెప్పండి!"

"మేడమ్, ఇది చాలా పెద్ద కేసు..."

"అడ్రసు! అడ్రసు!" అని వెనక జనం అందుకున్నారు. ఒకాయన బన్ను నములుతూనే అరిచాడు. మీసాలాయన నోరు తెరిచాడు, మూశాడు, ఫోను పెట్టేశాడు.

కొట్టంతా పగలబడి నవ్వింది. మాస్టరు బస్తా మీద కూలబడి ముందు ఏడ్చాడు, తర్వాత తనూ నవ్వాడు.

"నాకైనా చెప్పొద్దా?" అంది భార్య.

"నిన్ను కూడా పట్టుకుంటారేమోనని..." అన్నాడాయన. ఆమెకు కోపమూ ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చాయి.

నవ్వనిది ఒక్కరే, సగం వీధికి చదువు చెప్పి రిటైరైన టీచరుగారు. "మొన్న నాకూ ఇదే ఫోనొచ్చింది," అందామె తల వంచుకుని. "నా తలుపు తట్టేవాళ్ళు లేరు. పంపేశాను. పదిమందికి పాఠాలు చెప్పినదాన్ని, ఏ మొహంతో చెప్పుకోను?"

దండోరా ఆమె చెయ్యి పట్టుకుంది. "సిగ్గుపడాల్సింది మీరా, ఆ దొంగవెధవా? రండి, ముందు స్టేషనుకి పోదాం."

ఇద్దరూ అప్పుడే వెళ్ళారు. టీచరుగారు పంపిన డబ్బులో కొంత ఇంకా ఆ దొంగల ఖాతాలోనే ఉంది. బ్యాంకువాళ్ళు దాన్ని ఆపగలిగారు. డబ్బు పంపిన రోజే వచ్చి ఉంటే ఇంకా ఎక్కువ దక్కేదని పోలీసులు అన్నారు.

మర్నాడు కొత్త పొయ్యిలో కాలిన మొదటి రొట్టెను మాస్టరు టీచరుగారి చేతిలో పెట్టి, కొట్టు ముందు చేరిన వీధివాళ్ళకి నాలుగు మాటలు చెప్పమన్నాడు.

"పిల్లలూ!" అని మొదలుపెట్టిందామె. నెరిసిన తలలన్నీ నవ్వుతూ నిటారుగా నిలబడ్డాయి. "ఏ పోలీసూ ఫోనులో అరెస్టు చెయ్యడు. తనిఖీకని మీ డబ్బు పంపమనడు. రేపు ఈ దొంగలు బ్యాంకువాళ్ళమని వస్తారు, లాటరీ తగిలిందంటారు, ఓటీపీ చెప్పమంటారు. వాళ్ళ వేషాలన్నీ గుర్తుపెట్టుకోవడం నావల్లా కాదు, మీవల్లా కాదు. ఒక్కటి గుర్తుంచుకోండి. ఎవరికీ చెప్పొద్దంటూ డబ్బడిగినవాడు ఎంత పెద్దవాడినని చెప్పుకున్నా దొంగే. వాడి ఫోను పెట్టేసి, ముందు మీవాళ్ళకి చెప్పండి."