నాలుగు గోడల మధ్య మాట

ఆ పిల్లను హాస్టల్లో అందరూ పిచ్చుక అనేవారు. సన్నగా ఉండేది, గలగలా మాట్లాడేది. యూనివర్సిటీలో రెండో ఏడు సగంలో ఆ గలగల ఆగిపోయింది. అన్నం సహించదు. పుస్తకం తెరిస్తే ఒక్క ముక్క బుర్రకెక్కదు. తెల్లారితే మంచం దిగబుద్ధి కాదు. చూసి చూసి, గదిలో తోడుండే స్నేహితురాలే ఆమెను విద్యార్థుల సహాయ కేంద్రానికి లాక్కెళ్లింది.

అక్కడి కౌన్సిలర్ మెత్తగా మాట్లాడే మనిషి. కుర్చీ దగ్గరకు జరుపుకుని, "భయపడకమ్మా. ఇక్కడ చెప్పింది ఈ నాలుగు గోడలు దాటదు," అంది.

పిచ్చుక తలుపు వేసి ఉందో లేదో ఓసారి చూసుకుంది. తర్వాత నోరు విప్పింది.

"ఒక్కోసారి... పొద్దున్న లేవకుండా ఉంటే బాగుండుననిపిస్తుందండి."

చెప్పేశాక గుండె మీది బండ దించినట్టయింది. ఆ సాయంత్రం కడుపునిండా తింది కూడా.

మర్నాడు క్లాసు నుంచి వచ్చేసరికి ఆమె మంచం గదిలో లేదు. కింద వార్డెన్ ఆఫీసు పక్కన, విరిగిన కుర్చీలు పడేసే గదిలో వేసి ఉంది. తలుపుకు గడియ పీకేశారు.

"ఏమైందండీ?"

"ఏమీ కాకూడదనేనమ్మా," అంది వార్డెన్. "నీకేమన్నా అయితే నా ఉద్యోగం ఊడుతుంది."

స్నానానికి వెళ్తే ఆయా తలుపు బయటే నిలబడేది. "ఉన్నావా తల్లీ?" అని మాటిమాటికీ కేకేసేది. "ఉన్నాను" అని లోపలి నుంచి పలకాలి. ఆ ముచ్చట హాస్టలంతా పాకింది. మెట్ల మీద ఎదురైనవాళ్లు "ఉన్నావా తల్లీ?" అని పలకరించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవారు.

పిచ్చుక కౌన్సిలర్ దగ్గరకు పరుగెత్తింది. "గోడలు దాటదన్నారు కదండీ!"

"ఇలాంటి మాటలు పైవాళ్లకు చెప్పి తీరాలమ్మా. నీ మంచికేగా."

"ఆ సంగతి ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే నువ్వు నోరు విప్పేదానివా?"

స్నేహితురాలు ఒక్కసారి వచ్చింది, అదీ గుమ్మం దాకా. "ఏమీ అనుకోకే. నీతో తిరిగితే చదువు మాన్పించేస్తానంటోంది మా అమ్మ." అంతే, మళ్లీ కనబడలేదు.

వారం తిరక్కుండానే ఇంటికి కబురు వెళ్లింది. లారీ నడిపే అన్నయ్య లోడు మధ్యలో వదిలేసి వచ్చాడు. పెట్టె ఎత్తుకున్నాడు గానీ చెల్లెలి మొహం చూడలేదు.

"నీకేం తక్కువ చేశామే?" అన్నాడు బస్సులో. "నలుగురిలో తలెత్తుకోకుండా చేశావు."

ఇంట్లో మేనత్త తేల్చేసింది. "తిన్నది అరక్క వచ్చే రోగాలివి."

ఏం బాధని ఒక్కరూ అడగలేదు. పిచ్చుకే దారి వెతుక్కుంది. ఎవరైనా చూస్తుంటే నవ్వేది. వద్దనిపించినా మారు వడ్డించుకునేది. ఏడుపు వస్తే బట్టలు ఉతకడానికి కూర్చునేది. పిల్ల బాగుపడిందని అందరూ నమ్మారు. మరుసటి ఏడు మళ్లీ చదువుకు పంపారు.

"ఎలా ఉన్నావు?" అంది కౌన్సిలర్.

"హాయిగా ఉన్నానండి."

"చూశావా, మనసు విప్పితే ఎంత మేలో! కొత్త పిల్లలకు నీ నోటితోనే చెప్పాలి నువ్వు." కౌన్సిలర్ సరేనంటే తప్ప పైన అందరితో పాటు గది ఇవ్వనని వార్డెన్ అంతకుముందే చెప్పి ఉంది. పిచ్చుక తలూపింది.

హాలు నిండా కొత్త మొహాలు. కౌన్సిలర్ నేర్పిన మాటలన్నీ, "ఈ నాలుగు గోడలు దాటదు" అన్నదానితో సహా, పిచ్చుక పొల్లు పోకుండా చెప్పింది. చప్పట్లు మోగాయి. దిగి వస్తుంటే, కళ్లు లోతుకు పోయిన పిల్ల ఒకతె చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నిజంగా ఎవరికీ చెప్పరా?"

రెండడుగుల దూరంలో కౌన్సిలర్ నవ్వుతూ నిలబడి ఉంది. పిచ్చుక ఆవిడ వైపు ఓసారి చూసింది.

"చెప్పరు," అంది. "వెళ్లు, ఏం పరవాలేదు."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, కౌన్సిలర్ వెంట నడిచింది.