ఒంటిగది వరస

బషరి అబ్దూన్‌ని వేలెత్తి చూపినవాడు సర్కారులో ఒక్కడూ లేడు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఎవరి చేతా కప్పు టీ కూడా పుణ్యానికి తాగలేదు. కొత్త ఆనకట్ట నీళ్ళు తన సొంత ఊరు, ఎడారిలోని హల్ఫాను ముంచేస్తాయని తేలాక, తన వాళ్ళనే రైలెక్కించి అత్‌బరా ఏటి పక్కన కొత్త ఊళ్ళలో దింపే పని అందుకే ఆయన నెత్తిన పెట్టారు.

ఇళ్ళ పంపకంలో మాటపడకూడదని ఆయన ఒకటే పద్ధతి పెట్టాడు. మనుషులు ఎందరో గదులు అన్ని. నాలుగు గదుల ఇళ్ళన్నీ ఒకచోట, ఒంటిగది ఇళ్ళన్నీ ఊరి చివర ఒక వరస. ఒంటిగది ఎవరికి దక్కుతుంది? దిక్కులేని ముసలివాళ్ళకే కదా.

వాళ్ళలో ఆయన పిన్ని నబ్రా ఒకతె. తల్లి పోయాక ఆయన్ని పెంచిన మనిషి. ఖర్జూరాల బుట్ట పట్టుకుని కచేరీకే వచ్చింది.

"నాయనా, ఇక్కడ మా షాయా ఇంటికీ నా ఇంటికీ మధ్య గోడే అడ్డం. పిలిస్తే పలుకుతుంది. అక్కడ కూడా నన్ను నా కూతురి పక్కనే పడెయ్యి."

"షాయాకి వచ్చిన చోట అన్నీ నాలుగు గదుల ఇళ్ళే పిన్నీ. నీకిస్తే, సొంత పిన్నికి ఇచ్చుకున్నాడంటారు."

"గదులెవరిక్కావాలిరా? గొంతు వినపడితే చాలు."

"రూలంటే రూలే. ఎంతా, పావుగంట నడక."

"నీ కాళ్ళతో పావుగంట," అని నబ్రా బుట్ట అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. దాన్ని కూడా తిప్పి పంపాడు మహానుభావుడు.

జూలైలో ఒక మధ్యాహ్నం కొత్త ఊరి మీద ఉరుములతో వాన విరుచుకుపడింది. హల్ఫాలో వానంటే తాతలు చెప్పిన కబురే. డెబ్భై ఏళ్ళ నబ్రా జన్మలో ఉరుము విని ఎరగదు. మోకాలి లోతు బురదలో షాయా చేరేసరికి తల్లి మంచం కిందకి దూరి, గోడకి కరుచుకుపోయి, ప్రాణం విడిచి ఉంది.

"షాయా, షాయా అని పిలుస్తూనే ఉందమ్మా. నాకా కాళ్ళు పడిపోయాయి, ఏం చెయ్యను," అన్నాడు పక్క గది ముసలాయన.

మూడోనాడు బషరి వచ్చి పరామర్శ చాప మీద కూర్చున్నాడు.

"నాదే తప్పు షాయా."

"నీ తప్పేముంది అన్నయ్యా. అందరికీ ఎలా చేశావో మా అమ్మకీ అలాగే చేశావు." ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉండుంటే ఆయనకి అంత బాధ ఉండేది కాదు.

అప్పుడు పక్క గది ముసలాయన చాప మీద జరుగుతూ వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "అయ్యా, ఆ గది ఖాళీ అయింది కదా. మా చెల్లెలు అవతలి ఊళ్ళో ఒక్కతే ఉంది. దాన్ని ఇక్కడికి మార్పించండి."

"జాబితాలో ముందు ఎవరున్నారో చూడాలి పెద్దాయనా," అన్నాడు బషరి.

అన్నాకగానీ తనేమన్నాడో ఆయనకి తెలియలేదు. చాప మీద, ఊరందరి ముందూ, తలపాగా ముఖానికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చాడు.